ఎముకను తవ్వమనే తాఖీదు

వెయ్యి మంది పెద్దవాళ్లున్న ఊళ్లో ఐదు నుంచి ఏడుగురు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ మన దేశంలో దాదాపు ఆ లెక్కన ఉంది. మగవాళ్లు ఒక్కరైతే ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు. నందిగామ, చందర్లపాడు, వీరులపాడు పొలాల్లో మిరప కోతకూ పత్తి తీతకూ వెళ్లేదీ ఎక్కువగా ఆడవాళ్లే. ఎర్రబారిన కాయను వేళ్ల కొసలతో పట్టి, తొడిమెతో సహా తుంచి ఒళ్లో వేసుకోవాలి. ఈ జబ్బు ముందుగా పట్టేది సరిగ్గా ఆ వేళ్ల కణుపుల్ని. పొద్దున లేచి గంట దాటినా పిడికిలి మూసుకోకపోతే, పని ఎక్కువై కీళ్లు అరిగాయనుకుని ఊరుకుంటారు.

కాదు, ఇది అరుగుదల కాదు. అరిగిన మోకాలు నడిచేకొద్దీ నొప్పెడుతుంది. ఈ జబ్బు పట్టిన కీలు కదిపేకొద్దీ కాస్త సడలుతుంది. నొప్పి, వాపు పైకి కనిపిస్తాయి. లోపల ఎముక కరుగుతూ ఉంటుంది, అది కనిపించదు.

ఎముక ఎప్పుడూ ఒక్కలా ఉండదు. పెద్దవాళ్ల అస్థిపంజరంలో ఏటా సుమారు 10 శాతం పాతది పోయి కొత్తది చేరుతుంది. రోడ్డు మరమ్మతులో ఒక ముఠా తవ్వితే ఇంకో ముఠా పూడ్చినట్టే ఇదీనూ. తవ్వే కణాలు ఆస్టియోక్లాస్టులు, పూడ్చేవి ఆస్టియోబ్లాస్టులు. ఒక గుంట తవ్వడానికి రెండు మూడు వారాలు చాలు, పూడ్చడానికి మూడు నాలుగు నెలలు కావాలి. తవ్వకం కొంచెం జోరందుకున్నా పూడిక వెనకబడిపోతుంది.

తవ్వమని తాఖీదిచ్చే అణువు పేరు ర్యాంక్ లైగాండ్. ఆ తాఖీదును దారిలోనే పట్టి ఆపే అణువు ఆస్టియోప్రొటెగరిన్. ఈ రెంటిలో దేని పాళ్లు ఎక్కువన్నదే ఎముక గతి తేలుస్తుంది. 1997, 98ల్లో ఈ జంట బయటపడింది. 1999లో మరో సంగతి తెలిసింది. రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలు ఉద్రేకపడితే అవీ ఈ తాఖీదు జారీ చేయగలవు. అంటే క్రిములతో పోరాడాల్సినవాళ్ల చేతికే ఎముక తవ్వించే అధికారం కూడా ఉందన్నమాట! కీలు లోపలి పొర వాచినప్పుడు టీఎన్ఎఫ్, ఐఎల్-6, ఐఎల్-17 అనే సైటోకైన్లు (కణాల మధ్య కబుర్లు మోసే అణువులు) అక్కడి కణాల్ని రెచ్చగొట్టి మరింత ర్యాంక్ లైగాండ్ తయారు చేయిస్తాయి. టీఎన్ఎఫ్ అంతటితో ఊరుకోదు, డీకేకే-1 అనే ఇంకో అణువును పెంచి పూడ్చేవాళ్ల చేతులు కట్టేస్తుంది. ఈ సైటోకైన్లు రక్తంలోనూ తిరుగుతాయి కాబట్టి వేళ్లతో ఆగకుండా తుంటి, వెన్నుపూసలు కూడా గుల్లబారతాయి.

వాపూ ఎముక నష్టమూ ప్రతిసారీ కలిసి నడవవు. ర్యాంక్ లైగాండ్‌ను అడ్డుకునే డెనోసుమాబ్‌ను ఈ రోగులకిచ్చి చూసిన పరీక్ష ఫలితాలు 2008లో వచ్చాయి. ఎముక కోత తగ్గింది, వాపు మాత్రం తగ్గలేదు. టీఎన్ఎఫ్‌ను ఆపే ఇన్‌ఫ్లిక్సిమాబ్ విషయంలో, నొప్పి పెద్దగా తగ్గనివాళ్లలో కూడా ఎముక చాలావరకు నిలిచింది. అందుకే 'నొప్పి ఇంజక్షన్ వేయించుకున్నా, హాయిగా ఉంది' అన్న మాటను నేను పూర్తిగా నమ్మను. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు ఈ కోతను ఆపవు. స్టెరాయిడ్లు కోతను కొంత తగ్గిస్తాయి గానీ పూడ్చే కణాల్ని దెబ్బతీస్తాయి. ప్రెడ్నిసొలోన్ రోజుకు 2.5 మిల్లీగ్రాములైనా సరే, 3 నెలలు దాటితే ఎముకల సంగతి చూసుకోవాల్సిందే.

ఈ జబ్బుకు తొలి వరుస మందు మెథోట్రెక్సేట్. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధనల నుంచి వచ్చింది, అదీ క్యాన్సర్ కోసం. ఆయన 1948లో పోయారు. కీళ్ల జబ్బుకు అక్కడ దానికి అనుమతి దొరికింది 1988లో. ఈ మందు వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది, కాబట్టి ఏ రోజు వేసుకోవాలో చీటీ మీద పెద్దక్షరాలతో రాయించుకోవాలి. అది చాలనివాళ్లకు టీఎన్ఎఫ్ ఇంజక్షన్లున్నాయి, కానీ అవి నిద్రాణంగా ఉన్న క్షయను లేపగలవు. మన దగ్గర ముందు క్షయ పరీక్ష తప్పనిసరి.

ఎక్స్‌రేలో తెలిసే కోత చాలామందిలో మొదటి రెండేళ్లలోనే మొదలవుతుంది. జబ్బు తీవ్రతకు డాక్టర్లు లెక్కపెట్టేది 28 కీళ్లు: చేతివేళ్లవి 20, మణికట్లు, మోచేతులు, భుజాలు, మోకాళ్లు రెండేసి. ఇందులో పాదాలు లేవు. తొలి కోత చాలాసార్లు కనిపించేది మాత్రం పాదంలో, చిటికెన వేలి మొదట్లోనే. ఎక్స్‌రే తీయించేటప్పుడు చేతులతో పాటు పాదాలూ తీయమని అడగండి.