పాల యంత్రం: మొదటి చీటీ ఇచ్చే ముందు

పాల సంఘాలలో జెర్బర్ పరీక్ష స్థానంలో ఎలక్ట్రానిక్ యంత్రాలు వచ్చి చాలా కాలమైంది. పాలు తూచడం, వెన్న శాతం చూడడం, ధర కట్టి చీటీ ఇవ్వడం అన్నీ నిమిషంలో పూర్తి అవుతున్నాయి. పని తేలికైన మాట నిజమే. అయితే సభ్యులు గమనించవలసిన సంగతి ఒకటున్నది.

జెర్బర్ పరీక్షలో 10 మి.లీ. గంధకామ్లం, 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. ఎమైల్ ఆల్కహాలు గాజు గొట్టంలో పోసి తిప్పితే వెన్న విడిగా తేలుతుంది. అనుమానం ఉన్న రైతు వంగి గీత చూసుకోవచ్చు. యంత్రం అంకె మాత్రమే చూపుతుంది. ఆ అంకె వెనుక మొదటి రోజే అమర్చి పెట్టిన లెక్క ఉంటుంది. అది తప్పితే పాలు ఎంత మంచివైనా చీటీ తప్పుతుంది. నాచారంలోనో ఉప్పల్‌లోనో ఇళ్ళ మధ్య నాలుగు గేదెలు కట్టుకుని, పచ్చగడ్డి సైతం కొని వేసే రైతుకు ఆ తేడా చిన్నది కాదు.

ముందుగా కిలో, లీటరు సంగతి. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. ధరల పట్టిక కిలోకు ఉండి, యంత్రం తూకాన్ని లీటర్లలోకి మార్చి లెక్క కడితే, రోజుకు 10 లీటర్లు పోసే సభ్యుడు 0.3 కిలో నష్టపోతాడు. నెలకు 9 కిలోలు! పట్టిక లీటరుకు ఉండి తూకం కిలోలలోనే నిలిచిపోతే ఆ నష్టం సంఘానిది. పట్టిక, కాటా రెండూ ఒకే కొలతలో ఉన్నవో లేవో పాలకవర్గం స్వయంగా చూడాలి.

రెండవది ఎస్.ఎన్.ఎఫ్. సూత్రం. దీనిని అడిగేవారే తక్కువ. లాక్టోమీటరు రీడింగు నుండి ఎస్.ఎన్.ఎఫ్. కట్టే చోట, సవరించిన రీడింగులో నాలుగోవంతుకు వెన్న శాతంలో కొంత భాగాన్ని, ఒక స్థిర సంఖ్యను కలుపుతారు. ఈ రెండూ అన్నిచోట్లా ఒకటి కావు. ఒక పద్ధతిలో వెన్నను 0.2తో గుణించి 0.36 కలుపుతారు, మరొక పద్ధతిలో 0.25తో గుణించి 0.44 కలుపుతారు. రీడింగు 28, వెన్న 6 ఉన్న గేదె పాలకు మొదటి లెక్కన 8.56, రెండవ లెక్కన 8.94 వస్తుంది. పాలు అవే, గేదె అదే. పదోవంతుకు ఒక గడి చొప్పున ఉన్న పట్టికలో ఇది దాదాపు నాలుగు గడుల తేడా. పాలు కొనే డెయిరీ ఏ సూత్రం వాడుతున్నదో అదే సంఘం యంత్రంలోనూ ఉండాలి. లేకుంటే రైతుకు ఒక అంకె, డెయిరీ నుండి సంఘానికి మరొక అంకె వచ్చి, మధ్యలో కార్యదర్శి మాట పడవలసి వస్తుంది. యంత్రం అమ్మినవారు "అన్నీ పెట్టే ఇచ్చాం" అంటారు. ఏమి పెట్టారో కాగితం మీద వ్రాయించుకోవాలి.

ఆవు పాలు, గేదె పాలు వేరువేరు మీటలకు ఉంటాయి. ఆవు పాలను గేదె మీట మీద చూస్తే వచ్చే అంకెను నమ్మడానికి వీల్లేదు. తేదీ, ఉదయం, సాయంత్రం పూటలు సరిచూడాలి. చీటీపై పేరు తెలుగులో వచ్చే వీలుంటే అలాగే పెట్టించాలి. మానివేసిన సభ్యుని నంబరును కొత్తవారికి ఇవ్వరాదు, పాత బకాయి వచ్చి వీరి మీద పడుతుంది.

ధరల పట్టికను మార్చే రహస్య సంఖ్య ఫ్యాక్టరీ నుండి వచ్చినదే ఉంచితే తలుపు తాళం తలుపుకే వ్రేలాడదీసినట్లు. కొత్త సంఖ్య పెట్టి, కార్యదర్శి వద్ద ఒకటి, సీలు వేసిన కవరులో అధ్యక్షుని వద్ద ఒకటి ఉంచాలి. తీర్మానం లేకుండా పట్టిక మారరాదు.

కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. 2009 నాటి చట్టం క్రింద ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా ముద్ర వేయించాలి. మొదటి వారం రోజూ నలుగురైదుగురు సభ్యుల పాలను జెర్బర్ పద్ధతిలో కూడా చూసి, రెండు అంకెలనూ సభ్యుల ఎదుటే పుస్తకంలో వ్రాయాలి. మరమ్మతుకు వెళ్ళిన యంత్రం కొన్నిసార్లు పాత అమరికలన్నీ పోగొట్టుకుని తిరిగి వస్తుంది కనుక, పై వివరాల కాగితాన్ని మినిట్స్ పుస్తకంలో అంటించి, దాని నకలు ధరల పట్టిక ప్రక్కనే గోడకు పెట్టాలి.