ఇక్కడ కాదు, ఆరో నెంబరు కౌంటర్‌కి వెళ్ళండి

మినీ ప్రాజెక్టుల సీజన్ వచ్చిందంటే మా హాస్టల్ కారిడార్‌లో ఒకే ఎర్రర్ రూము రూముకీ తిరుగుతుంది. "కెనాట్ మాడిఫై హెడర్ ఇన్ఫర్మేషన్, హెడర్స్ ఆల్రెడీ సెంట్" అని. లాగిన్ అయ్యాక డాష్‌బోర్డుకి వెళ్ళాల్సిన పేజీ కదలకుండా అక్కడే కూర్చుంటుంది. అందరూ చేసేదొకటే. ఆ వాక్యాన్ని నెట్‌లో వెతికి, మొదట దొరికిన సలహాని అతికించేస్తారు. చాలాసార్లు పని చేస్తుంది కూడా. ఎందుకు పని చేసిందో తెలియదు కాబట్టి వచ్చే నెల ఇంకో వేషంలో మళ్ళీ వస్తుంది.

అసలు రీడైరెక్ట్ అంటే ఏమిటో ముందు చూద్దాం. సర్వర్ మనల్ని ఇంకో పేజీకి తీసుకెళ్తుంది అనుకుంటాం. తీసుకెళ్ళదు. ఏదైనా ఆఫీసులో కౌంటర్ దగ్గరికి వెళ్తే గుమాస్తా తలెత్తకుండా "ఇక్కడ కాదండీ, ఆరో నెంబరుకి వెళ్ళండి" అంటాడు చూడండి, రీడైరెక్ట్ అంతే. ఆయన లేచి మన చెయ్యి పట్టుకుని నడిపించడు, నడవాల్సింది మనమే. సర్వర్ 302 అనే నెంబరు, లొకేషన్ అనే ఒక లైను పంపుతుంది. బ్రౌజర్ అది చదువుకుని, తనంతట తాను కొత్త అడ్రసుకి మళ్ళీ మొదటినుంచి రిక్వెస్ట్ పెడుతుంది. నేను చూసిన రీడైరెక్ట్ గొడవల్లో చాలా భాగం ఈ సంగతి మర్చిపోవడం వల్ల వచ్చినవే.

సర్వర్ జవాబులో ముందు హెడర్లు వెళ్తాయి, తర్వాత ఒక ఖాళీ లైను, ఆ తర్వాతే పేజీ. పేజీలోని ఒక్క బైటు బయటికి వెళ్ళినా హెడర్లు అంతకు ముందే వెళ్ళిపోయినట్టు లెక్క. పోస్టు డబ్బాలో వేసేసిన కవరు మీద అడ్రసు దిద్దలేం కదా! పీహెచ్‌పీ మొత్తుకునేది అదే. ఆ ఎర్రర్‌లో రెండు ఫైళ్ళు, రెండు లైను నెంబర్లు ఉంటాయి. అందరూ చివరిదాన్ని పట్టుకుని గంటలు గంటలు చూస్తారు. అది మనం హెడర్ ఫంక్షన్ పిలిచిన చోటు, పాపం బాధితుడు. దొంగ బ్రాకెట్లో ఉంటాడు, "ఔట్‌పుట్ స్టార్టెడ్ ఎట్" అన్న మాటల పక్కన. అక్కడికి వెళ్తే మామూలుగా ఒక ఎకో, లేదంటే పీహెచ్‌పీ ట్యాగుకి ముందు ఒక స్పేసు, లేదంటే ఇన్‌క్లూడ్ చేసిన ఫైల్లో ముగింపు ట్యాగు తర్వాత ఖాళీ లైన్లు కనిపిస్తాయి. పూర్తిగా పీహెచ్‌పీ కోడే ఉన్న ఫైల్లో ముగింపు ట్యాగు పెట్టకపోవడమే మేలు.

ఒక్కోసారి అక్కడికి వెళ్ళినా ఏమీ కనపడదు. మొదటి ఫైలు, ఒకటో లైను అంటుంది. చూస్తే పీహెచ్‌పీ ట్యాగు తప్ప ఏమీ ఉండదు. ఇది తెలుగులో రాసేవాళ్ళకి మరీ ఎక్కువగా తగిలే గుంట. మా జూనియర్ ఒకడు తన ప్రాజెక్టుకి చక్కగా తెలుగులో పేరు పెట్టాడు, మెనూలు కూడా తెలుగులోనే. అదే కోడ్ వాడి రూమ్మేట్ దగ్గర ఇంగ్లీషు పేరుతో నడుస్తోంది, వీడి దగ్గర నడవదు. రెండు రోజులు కుస్తీ పట్టి, "తెలుగు పెడితే సైట్ పాడవుతోందన్నా" అని పేర్లన్నీ ఇంగ్లీషులోకి మార్చడం మొదలుపెట్టాడు. నాకు మండింది, వాడి మీద కాదు.

జరిగింది ఇదీ. వాడి కంప్యూటర్లో పాత విండోస్ ఉంది. అందులో నోట్‌ప్యాడ్ మామూలుగా ఏఎన్‌ఎస్‌ఐ పద్ధతిలో సేవ్ చేస్తుంది, అందులో తెలుగు అక్షరాలకి చోటు లేదు. ఇలా చేస్తే అక్షరాలు పోతాయని అదే హెచ్చరిస్తుంది. మనం బుద్ధిగా యూటీఎఫ్-8 ఎంచుకుంటాం. పాత నోట్‌ప్యాడ్ అప్పుడు ఫైలు మొదట్లో మనకి చెప్పకుండా మూడు బైట్లు చేరుస్తుంది. వాటి పేరు బైట్ ఆర్డర్ మార్క్, పొట్టిగా బామ్. తెరమీద కనపడవు, బ్యాక్‌స్పేస్‌కి దొరకవు. కానీ పీహెచ్‌పీ లెక్కలో అవి ట్యాగుకి ముందున్న అక్షరాలే, కాబట్టి బయటికి పంపేస్తుంది. ఇక హెడర్లు మార్చే అవకాశం పోయింది. ఇంగ్లీషులో రాసిన రూమ్మేట్‌కి యూటీఎఫ్-8 ఎంచుకునే అవసరమే రాలేదు కాబట్టి వాడికీ కష్టం రాలేదు. తప్పు తెలుగుది కాదు, ఆ మూడు బైట్లది. 2019లో వచ్చిన విండోస్ 10 1903 వెర్షన్ నుంచి నోట్‌ప్యాడ్ బామ్ లేకుండానే సేవ్ చేస్తోంది గానీ, ల్యాబుల్లో పాత మిషన్లూ, సీనియర్ల నుంచి చేతులు మారిన పాత ఫైళ్ళూ ఇంకా ఉన్నాయి. వీఎస్ కోడ్‌లో ఫైలు తెరిస్తే కింద కుడివైపు "యూటీఎఫ్-8 విత్ బామ్" అని కనిపిస్తుంది. దాన్ని నొక్కి, సేవ్ విత్ ఎన్‌కోడింగ్‌లో ఉత్త యూటీఎఫ్-8 ఎంచుకుంటే సరి. వాడి మెనూలు మళ్ళీ తెలుగులోకి వచ్చాయి.

"నా లాప్‌టాప్‌లో నడిచింది, సర్వర్‌లో పెడితే నడవట్లేదు" అనేది ఇంకో ఫిర్యాదు. దీనికి కారణం తరచుగా ఔట్‌పుట్ బఫరింగ్. పీహెచ్‌పీతో వచ్చే నమూనా సెట్టింగుల ఫైల్లో దీని విలువ 4096. అంటే అన్ని బైట్లు పోగయ్యేదాకా ఔట్‌పుట్‌ని పీహెచ్‌పీ తన దగ్గరే ఆపుకుంటుంది, ఈలోపు హెడర్ మార్చినా గొడవ లేదు. ఆ సెట్టింగు లేని సర్వర్‌లో విలువ సున్నా, దాచిపెట్టిన తప్పు బయటపడుతుంది. నెట్‌లో దొరికే ఓబీ స్టార్ట్ చిట్కా చేసేదీ ఈ దాచిపెట్టడమే. దానికి వేరే మంచి ఉపయోగాలున్నాయి, ఇది మాత్రం వాటిలో లేదని నా అభిప్రాయం.

"టూ మెనీ రీడైరెక్ట్స్" సంగతి త్వరగా చెప్పేస్తాను. లాగిన్ అయ్యారా లేదా అని చూసే ఫైల్ని లాగిన్ పేజీలోనే ఇన్‌క్లూడ్ చేస్తే, ఆ పేజీ మనల్ని మళ్ళీ ఆ పేజీకే పంపుతుంది. ఇరవై సార్లు తిరిగాక క్రోమ్ చేతులెత్తేస్తుంది. సెషన్ స్టార్ట్ మర్చిపోయినా ఇదే తిరుగుడు. ఇక పరీక్షించేటప్పుడు 301 జోలికి పోకండి. అది "ఆఫీసే శాశ్వతంగా మారిపోయింది" అని చెప్పడం. బ్రౌజర్ గుర్తుపెట్టుకుని, మీరు కోడ్ సరిచేసినా పాత కౌంటర్‌ని అడగనే అడగదు. ఫారం తీసుకున్నాక పంపే రీడైరెక్ట్‌కి 303 వాడితే రిఫ్రెష్ కొట్టినా ఫారం రెండోసారి వెళ్ళదు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ కనీసం అరిచి చెప్పే తప్పులు. ఏమీ అరవనిది ఒకటుంది. హెడర్ ఫంక్షన్ లొకేషన్ పంపుతుంది, అంతేగానీ ప్రోగ్రామ్‌ని ఆపదు. దాని కింద ఎగ్జిట్ అని రాయకపోతే మిగతా కోడ్ అంతా యథాప్రకారం నడుస్తుంది.

ఒక ఈవెంట్ కోసం జూనియర్లు రిజిస్ట్రేషన్ సైట్ కట్టి, ఓసారి చూడమన్నారు. రిజిస్టర్ అయినవాళ్ళ జాబితా పేజీ పైన కాపలా సరిగ్గానే ఉంది. లాగిన్ కాకపోతే లాగిన్ పేజీకి పంపెయ్. బ్రౌజర్‌లో పది రకాలుగా చూశాం, ప్రతిసారీ లాగిన్ పేజీకే వెళ్ళింది. తర్వాత అదే అడ్రసుని టెర్మినల్‌లో కర్ల్‌తో అడిగాను. ఎల్ ఆప్షన్ ఇస్తే తప్ప కర్ల్ రీడైరెక్ట్ వెంట పోదు, వచ్చింది వచ్చినట్టు చూపిస్తుంది. పైన 302, లొకేషన్ లైను. వాటి కింద పట్టిక మొత్తం! పేర్లు, ఫోన్ నెంబర్లు, హాస్టల్ రూము నెంబర్లు. గుమాస్తా ఆరో నెంబరుకి వెళ్ళమంటూనే రిజిస్టరంతా చేతిలో పెట్టాడన్నమాట. బ్రౌజర్ ఆ పట్టికని తెరమీద వెయ్యకుండా ముందుకి వెళ్ళిపోతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఎంట్రీ తీసేసే పేజీకీ అదే కాపలా. అంటే లాగిన్ లేకుండానే ఎవరైనా ఎవరి పేరైనా చెరిపెయ్యొచ్చు.

ఆ రాత్రే సైట్ ఆపి, లొకేషన్ పంపి వెంటనే ఎగ్జిట్ అయ్యే చిన్న ఫంక్షన్ ఒకటి రాసి, అన్ని పేజీల్లోనూ అదే పిలిచేలా మార్చారు. ఆ పని అరగంటలో అయిపోయింది. ఆ తర్వాత ఒకమ్మాయి అడిగింది, "మరి ఇన్నాళ్ళూ ఎవరైనా చూసుంటారా అన్నా?" అని. సర్వర్ యాక్సెస్ లాగ్‌లో ప్రతి జవాబు పక్కనా ఎన్ని బైట్లు వెళ్ళాయో ఉంటుంది. ఏమీ లేని 302 పక్కన వేల బైట్లు కనిపిస్తే ఏదో కారుతున్నట్టే. అక్కడ ప్రతి 302 పక్కనా వేలల్లోనే ఉన్నాయి. లాగిన్ పేజీకి వెళ్ళకుండా, ఆ ఒక్క పేజీనే పదేపదే అడిగిన అడ్రసు ఉందా అని కూర్చుని వెతికాం. మా కర్ల్ తప్ప అలాంటిది కనపడలేదు. కానీ లాగ్‌లో మిగిలింది ఒక్క వారం. సైట్ నడిచింది మూడు వారాలు. రిజిస్టర్ అయిన అందరికీ ఆ సంగతి ఉన్నదున్నట్టు మెయిల్ పెట్టమన్నాను. కాసేపు తటపటాయించారు గానీ, పెట్టారు.