నూలు చొక్కా – ఉన్ని చొక్కా

గుంటూరు, ప్రకాశం జిల్లాల మైదానములు పత్తికిని, మిరపకును పేరు గాంచినవి. అచ్చటి వేసవి యెండలు మిక్కిలి తీవ్రములు. చేలలో పనిచేయువారు వదులైన నూలు బట్టలనే ధరింతురు. నూలు చెమటను పీల్చుకొనును. ఆ తడి గాలికి ఆవిరియగుచు దేహమునందలి వేడిని గొనిపోవును. ఒక గ్రాము చెమట ఆవిరియగుటకు దాదాపు 580 కేలరీల వేడి కావలెను. కనుకనే యెండలో నూలు బట్ట హాయి గొల్పును.

మంచుకొండలపై నీ గుణమే ముప్పు తెచ్చును. బరువు మోయుచు కొండ నెక్కువానికి చలిలో సైతము చెమట పట్టును. తడిసిన నూలు బనియను ఒంటికి అంటుకొని త్వరగా ఆరదు. అతడు విశ్రాంతికై నిలిచినప్పుడు శరీరమున వేడి పుట్టుట తగ్గును. తడిబట్ట మాత్రము వేడిని లాగుచునే యుండును. 37 డిగ్రీల సెంటీగ్రేడు ఉండవలసిన దేహపు వేడి 35 డిగ్రీలకు దిగజాఱినచో మాట తడబడును, బుద్ధి మందగించును. సకాలమున వెచ్చదనము కల్పింపనిచో మరణము సంభవింపవచ్చును.

2014 మే 25వ తేదీన నిజామాబాదు జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణయు, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనందకుమారును ఎవరెస్టు శిఖరము నధిరోహించిరి. పూర్ణకు అప్పటికి పదునాలుగేండ్లు నిండలేదు. అట్టి సాహసమును గోరు మైదానపు విద్యార్థులు ముందుగా నేర్వవలసిన వానిలో దుస్తుల యెన్నిక యొకటి.

చలికి ఉన్ని మేలు. అయినను అన్ని గొఱ్ఱెల ఉన్నియు నొకటి కాదు. ప్రకాశం ప్రాంతమున పెంచు నెల్లూరు జాతి గొఱ్ఱెకు ఉండునది వెండ్రుకలే కాని ఉన్ని కాదు. దక్కను గొఱ్ఱెల ఉన్ని ముతక. అది గొంగడికి తగును గాని ఒంటికి తగిలిన గ్రుచ్చుకొనును. మెరినో జాతి స్పెయిను దేశమున ప్రసిద్ధి కెక్కి, 1797లో ఆస్ట్రేలియాకు చేరినది. దాని ఉన్ని పోగు మిక్కిలి సన్నము. ఆ పోగులు వంకరలు తిరిగి యుండుటచే వాని నడుమ గాలి నిలిచి, వేడిని బయటికి పోనీయదు. అవి తమ బరువులో మూడవవంతు వఱకు తేమను ఆవిరి రూపమున పీల్చుకొనియు తడిగా తోపవు.

లోచొక్కాను కొనునప్పుడు మొదట పోగు సన్నదనమును గమనింపవలెను. దీనిని మైక్రాన్లలో తెల్పుదురు. మిల్లీమీటరులో వేయవవంతు మైక్రాను. 17 మొదలు 20 మైక్రాన్ల ఉన్ని మెత్తగా నుండును. 30 దాటినది దురద పుట్టించును. పిమ్మట బట్ట బరువును చూడవలెను. చదరపు మీటరునకు 150 గ్రాములది చుఱుకైన నడకకును, 250 గ్రాములది తీవ్రమైన చలికిని అనుకూలము. చొక్కా బిగువు గాక, ఒంటికి అంటియుండవలెను. దానిపై వెచ్చని ఉడుపును, అన్నిటికిని పైన గాలిని, మంచును ఆపు కోటును ధరింపవలెను.

మెరినో ఖరీదైనది. వేడినీట రుద్ది ఉదికినచో ముడుచుకొనును. చల్లనినీట ఉదికి, పిండక, నీడలో పఱచి ఆరవేయవలెను. అంత వెల పెట్టలేనివారు పాలియెస్టరు లోచొక్కాను కొనవచ్చును. అది త్వరగా ఆరును. కాని చెమట వాసన త్వరగా పట్టును. ఏది కొన్నను, కొండ నెక్కునాడు నూలు బనియనును ఇంటనే విడిచిపోవుట క్షేమము.