గిటార్ టోన్ బాలేదా? ఆంప్ మార్చే ముందు క్యాబ్ చూడండి: ఉచిత ప్లగిన్లతో నా సెటప్

గత ఏడాది ఒక గురువారం రాత్రి నా ఎలక్ట్రిక్ గిటార్‌ని సెకండ్ హ్యాండ్ యాప్‌లో అమ్మకానికి పెట్టేశాను. 14 వేలకు కొన్నది, 6 వేలకే. శనివారం వచ్చి చూస్తానని ఒకాయన మెసేజ్ కూడా చేశాడు.

నేనుండేది కొండాపూర్‌లో ఒక పీజీలో. రూమ్మేట్‌ది నైట్ షిఫ్ట్, పగలంతా పడుకుంటాడు. ఆంప్ కొనుక్కుని వాయించే సీన్ లేదు. అందుకే లాప్‌టాప్‌లో ఉచిత ఆంప్ ప్లగిన్లు వేసుకుని హెడ్‌ఫోన్స్‌లో వాయించేవాడిని. డిస్టార్షన్ ఆన్ చేస్తే చాలు, దోమల బ్యాట్‌లో దోమలు పేలినట్టు చిటపటలాడుతూ వచ్చేది సౌండ్. ప్లగిన్లు మార్చాను, స్ట్రింగ్స్ మార్చాను, చివరికి తప్పు నా వేళ్లదే అని డిసైడ్ అయిపోయాను.

శుక్రవారం రాత్రి కాలేజీ ఫ్రెండ్‌కి ఫోన్‌లో ఇదంతా చెప్తుంటే వాడు ఒకటే అడిగాడు: "క్యాబ్ ఏది పెట్టావురా?"

"క్యాబా? నేనెక్కడికీ వెళ్లట్లేదు కదా" అన్నాను. వాడు నవ్వు ఆపుకోవడానికి ఒక నిమిషం పట్టింది.

మీరూ నాలాగే ఏ యూట్యూబ్ వీడియోనో చూసి ఆంప్ ప్లగిన్ ఒక్కటే డౌన్‌లోడ్ చేసుకుని, సౌండ్ బాలేదని పక్కన పెట్టేసి ఉంటే ఈ ఆర్టికల్ మీకోసమే.

అసలు క్యాబ్ ఎందుకు?

గిటార్ ఆంప్‌లో రెండు భాగాలుంటాయి. సిగ్నల్‌ని పెంచి, విరిచి, డిస్టార్షన్ తెచ్చేది హెడ్. ఆ సిగ్నల్‌ని గాల్లోకి వదిలే స్పీకర్ డబ్బా క్యాబినెట్, ముద్దుగా క్యాబ్. గిటార్ స్పీకర్ మన హోమ్ థియేటర్ స్పీకర్ లాంటిది కాదు. సాధారణంగా 12 అంగుళాల కోన్ ఒక్కటే ఉంటుంది, ట్వీటర్ ఉండదు. సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక దాని సౌండ్ బాగా పడిపోతుంది. మనకి పనికొచ్చేది ఆ లోపమే. డిస్టార్షన్ వల్ల పైదాకా పుట్టే గరగరని ఆ స్పీకరే మింగేస్తుంది. హెడ్‌ఫోన్స్ అలా కాదు, 20 కిలోహెర్ట్జ్ దాకా ఉన్నదున్నట్టు వినిపించేస్తాయి. నేను ఇన్నాళ్లూ విన్నది స్పీకర్ లేని ఆంప్‌ని అన్నమాట.

దీనికి మందు ఐఆర్, అంటే ఇంపల్స్ రెస్పాన్స్. ఒక నిజమైన క్యాబ్ ముందు మైక్ పెట్టి, టెస్ట్ సిగ్నల్ పంపి, ఆ స్పీకర్, మైక్ కలిసి సౌండ్‌ని ఎలా మారుస్తాయో ఒక చిన్న వేవ్ ఫైల్‌గా సేవ్ చేస్తారు. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 2048 శాంపిల్స్ అంటే 43 మిల్లీసెకన్లు కూడా లేదు, అయినా మొత్తం క్యారెక్టర్ అందులోనే ఉంటుంది. ప్లగిన్ మీ గిటార్ సిగ్నల్‌ని ఆ ఫైల్‌తో కన్వల్యూషన్ చేస్తుంది. ఈసీఈ వాళ్లకి ఈ మాట వినగానే సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ పేపర్ గుర్తొచ్చి ఉంటుంది. నేనైతే దాన్ని పరీక్ష కోసం బట్టీ పట్టి పాసైన బ్యాచ్. అది జీవితంలో పనికొచ్చిన మొదటి రాత్రి అదే.

ఫ్రెండ్ పంపిన ఒక ఐఆర్ లోడ్ చేశాను. అదే గిటార్, అదే ఆంప్ ప్లగిన్, అవే వేళ్లు. చిటపట పోయి, గట్టిగా ఛాతీకి తగిలే కార్డ్ వినిపించింది. రెండు గంటలు వాయించి, తెల్లారగానే ఆ కొనే ఆయనకి సారీ చెప్పాను.

ఏ ప్లగిన్లు?

నేను ఇప్పుడు వాడేది న్యూరల్ ఆంప్ మోడలర్, అందరూ నామ్ అంటారు. ఉచితం, ఓపెన్ సోర్స్. స్టీవెన్ అట్కిన్సన్ అనే డెవలపర్ మొదలుపెట్టాడు. నిజమైన ఆంప్‌కి ఇచ్చిన సిగ్నల్, దాన్నుంచి వచ్చిన సిగ్నల్ రెండూ చూపించి న్యూరల్ నెట్‌వర్క్‌ని ట్రైన్ చేస్తారు. ఆ మోడల్ ఫైల్స్‌ని జనం టోన్3000 సైట్‌లో పంచుకుంటారు. ఐఆర్‌లు కూడా అక్కడ దొరుకుతాయి. నామ్‌లోనే ఐఆర్ పెట్టే చోటు, నాయిస్ గేట్ ఉన్నాయి కాబట్టి ఒక్క ప్లగిన్‌తో పని అయిపోతుంది.

కానీ రెండు విషయాలు. మోడల్ అనేది ఫోటో లాంటిది. ఆంప్ గెయిన్ 3లో ఉన్నప్పుడు తీసిన మోడల్‌ని 8కి తిప్పలేరు, 8 దగ్గర తీసిన ఇంకో ఫైల్ వెతుక్కోవాలి. రెండోది, కొన్ని ఫైల్స్‌లో క్యాబ్ కూడా కలిపే క్యాప్చర్ చేసి ఉంటారు. దాని మీద మళ్లీ ఐఆర్ పెడితే దుప్పటి కప్పి వాయించినట్టు ఉంటుంది. నేను ఈ తప్పు ఒక వారం చేశాను. డౌన్‌లోడ్ చేసేముందు అది ఆంప్ ఒక్కటేనా, ఫుల్ రిగ్గా అని చూడండి.

నాబ్‌లు తిప్పుతూ నేర్చుకోవాలంటే ఇగ్నైట్ ఆంప్స్ వాళ్ల ఎమిసరీ తీసుకోండి, ఐఆర్ కోసం వాళ్లదే నాదిర్. రెండూ ఉచితమే. వీటిని నడిపే సాఫ్ట్‌వేర్‌గా నేను రీపర్ వాడతాను. ఇది ఫ్రీ కాదు, 60 రోజుల ట్రయల్. పూర్తిగా ఫ్రీ కావాలంటే వేవ్‌ఫార్మ్ ఫ్రీ ఉంది. మ్యాక్, ఐఫోన్ ఉన్నవాళ్లు అదృష్టవంతులు, గరాజ్‌బ్యాండ్‌లో ఆంప్, క్యాబ్ రెండూ ముందే ఉంటాయి.

ఉచితం కానిది ఒకటి

ఆడియో ఇంటర్‌ఫేస్ మాత్రం కొనాల్సిందే. లాప్‌టాప్ మైక్ జాక్‌కి కన్వర్టర్ పెట్టి నేను ఆరు నెలలు నెట్టుకొచ్చాను, వద్దు. గిటార్ పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వేల చుట్ల సన్నని తీగ. దాన్నుంచి వచ్చే సిగ్నల్ బలహీనం. మైక్ జాక్ ఇంపెడెన్స్ కొన్ని కిలోఓమ్స్ మాత్రమే కాబట్టి ఆ సిగ్నల్‌ని లాగేస్తుంది, ట్రెబుల్ చచ్చిపోతుంది. ఇంటర్‌ఫేస్ మీద ఇన్‌స్ట్ లేదా హై జెడ్ అని ఉండే ఇన్‌పుట్ సుమారు ఒక మెగాఓమ్ ఉంటుంది. ఎంట్రీ లెవెల్ మోడల్ చాలు, సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు.

విండోస్‌లో దాని సొంత ఏఎస్ఐఓ డ్రైవర్ వేసుకోండి. బఫర్ 128 పెడితే 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక్కో బఫర్‌కి 2.7 మిల్లీసెకన్లు. లోపలికి, బయటికి, డ్రైవర్‌కి కలిపి ఇంకాస్త ఎక్కువే అయినా వేళ్లకి తెలియదు. పటపటమని శబ్దం వస్తే 256కి పెంచండి. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో మాత్రం ట్రై చేయొద్దు, ఇప్పుడు కొట్టిన కార్డ్ కాసేపాగి వినిపిస్తుంది.

ఇన్‌పుట్ గెయిన్ విషయంలో, మీరు ఎంత గట్టిగా కొట్టగలరో అంత గట్టిగా కొట్టి, మీటర్ మైనస్ 12 డీబీ దగ్గర ఆగేలా పెట్టండి. ఎర్ర లైట్ వెలిగిందంటే ఆ తర్వాత ఏ ప్లగినూ కాపాడలేదు. బుయ్ మని హమ్ వస్తుంటే ఒకసారి చార్జర్ తీసి చూడండి. మా పీజీ ప్లగ్‌లో ఎర్త్ లేదని నాకు అలానే తెలిసింది. సింగిల్ కాయిల్ పికప్ అయితే లాప్‌టాప్‌కి కాస్త దూరంగా, కొంచెం పక్కకి తిరిగి కూర్చుంటే సగం తగ్గుతుంది.

ఐఆర్ ఎంచుకునే పిచ్చి

ఒక్కో ఐఆర్ ప్యాక్‌లో పదుల ఫైల్స్ ఉంటాయి. మైక్ కోన్ మధ్యలో ఉంటే సౌండ్ షార్ప్‌గా, అంచుకి జరిగే కొద్దీ మెత్తగా. ఒక్క అంగుళం జరిపినా తేడా తెలుస్తుంది. ఒక ఆదివారం మొత్తం రెండొందల ఫైల్స్ విన్నాను, సాయంత్రానికి చెవులు ఏది విన్నా ఒకటే అన్నాయి. ఇప్పుడు నా దగ్గర మూడే ఉన్నాయి. ఎక్కువ వాడేది వింటేజ్ 30 స్పీకర్ ముందు ఎస్ఎం57 మైక్ పెట్టి తీసింది. ఒకదానితో ఒకటి పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానంగా పెట్టండి. సౌండ్ ఎక్కువున్నదే బాగున్నట్టు చెవి మోసపోతుంది.

క్యాబ్ తర్వాత ఈక్యూ. కింద 80 హెర్ట్జ్ దగ్గర కట్ చేస్తాను, స్టాండర్డ్ ట్యూనింగ్‌లో లావు తీగ 82 హెర్ట్జ్ కాబట్టి దాని కింద ఉండేది చప్పుడే. పైన 9 కిలోహెర్ట్జ్ దగ్గర ఇంకో కట్. రికార్డింగ్‌లో గెయిన్ మీరు అనుకున్నదానికంటే తగ్గించండి. పెద్ద సౌండ్ కావాలంటే అదే రిఫ్‌ని రెండుసార్లు విడివిడిగా వాయించి, ఒకటి ఎడమకి, ఇంకోటి కుడికి పెట్టాలి. కాపీ పేస్ట్ చేస్తే పని చేయదు. రెండూ ఒకటే కాబట్టి మధ్యలోనే వినిపిస్తుంది, వాల్యూమ్ పెరుగుతుంది అంతే. రెండుసార్లూ ఒకేలా వాయించడానికి నాకు మొదటి రాత్రి ఇరవై మూడు టేకులు పట్టాయి. అప్పటికి రూమ్మేట్ షిఫ్ట్ ముగించుకుని వచ్చి, "హెడ్‌ఫోన్స్ తియ్, నేనూ వింటా" అన్నాడు.