ఫొటోలో నాయిస్ వస్తే పండగే! గురుగ్రహం దగ్గర రేడియేషన్ కొలుస్తున్న కెమెరాల కథ

ఫోన్లో నైట్ ఫొటో తీస్తే చుక్కలు చుక్కలుగా నాయిస్ వస్తుంది. వెంటనే "ఈ కెమెరా వేస్ట్" అనేస్తాం. కానీ నాసా పంపిన జూనో స్పేస్‌క్రాఫ్ట్‌లో ఆ నాయిస్‌నే లెక్కపెట్టే కెమెరాలున్నాయి తెలుసా?

జూనో 2016 జులై నుంచి గురుగ్రహం చుట్టూ తిరుగుతోంది. మన సౌరకుటుంబంలో ఏ గ్రహం దగ్గరా లేనంత రేడియేషన్ అక్కడుంది. గురుడి అయస్కాంత క్షేత్రంలో చిక్కుకున్న ఎలక్ట్రాన్లు దాదాపు కాంతి వేగంతో తిరుగుతుంటాయి. అందుకే ముఖ్యమైన ఎలక్ట్రానిక్స్‌ను సెంటీమీటర్ మందమున్న టైటానియం పెట్టెలో పెట్టారు. ఫోన్లకు టైటానియం ఫ్రేమ్ అని గొప్పలు చెబుతారు కదా, అసలు వాడకం అంటే ఇదీ!

మరి కొలిచేదెలా? జూనో ఎటు తిరిగి ఉందో తెలియడానికి నక్షత్రాల ఫొటోలు తీసే స్టార్ కెమెరాలున్నాయి. డెన్మార్క్ టెక్నికల్ యూనివర్సిటీ తయారుచేసిన ఇవి సెకనుకు నాలుగు ఫొటోలు తీస్తాయి. వీటికి గట్టి షీల్డింగ్ ఉంటుంది. ఎనర్జీ తక్కువున్న ఎలక్ట్రాన్లు అక్కడే ఆగిపోతాయి, బాగా ఎక్కువున్నవి మాత్రం దూసుకొచ్చి సెన్సర్‌కు తగులుతాయి. తగిలిన చోట చార్జ్ పుట్టి ఫొటోలో చుక్కో గీతో పడుతుంది. నక్షత్రమైతే తర్వాతి ఫొటోలోనూ ఉంటుంది, ఇది ఉండదు. అంతే, వాటిని లెక్కపెట్టేయడమే! చుట్టు తర్వాత చుట్టు ఇలా లెక్కేసి గురుడి చుట్టూ రేడియేషన్‌కు 3డి మ్యాప్ గీశారు.

ఇక పాపం జూనోక్యామ్ సంగతి. కలర్ ఫొటోలు తీసే ఈ కెమెరా టైటానియం పెట్టె బయటే ఉంది. 8 చుట్లు తట్టుకుంటే చాలనుకుంటే 34 చుట్లు బాగానే లాగింది. 47వ చుట్టుకి ఫొటోలు పాడవడం మొదలైంది. వోల్టేజ్ రెగ్యులేటర్ దెబ్బతిందని ఇంజనీర్లకు అనుమానం. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్దామంటే దాదాపు 60 కోట్ల కిలోమీటర్లు! అందుకే కెమెరా హీటర్ ఆన్ చేసి 25 డిగ్రీలకు వేడి చేశారు. వేడికి సిలికాన్‌లోని సూక్ష్మమైన లోపాలు కొంత సర్దుకుంటాయి, దీన్నే ఎనీలింగ్ అంటారు. కొన్ని చుట్లపాటు ఫొటోలు బాగానే వచ్చాయి. 56వ చుట్టుకి మళ్లీ మొదటికొచ్చింది. అప్పటికి అయో అనే చందమామ దగ్గరకెళ్లడానికి కొన్ని వారాలే టైముంది. ఏమైతే అదైందని హీటర్‌ను ఫుల్‌గా పెట్టేశారు. మొదటి వారం పెద్దగా మార్పు లేదు. సరిగ్గా కొన్ని రోజుల ముందు ఫొటోలు క్లియర్ అవడం మొదలైంది. 2023 డిసెంబర్ 30న 1,500 కిలోమీటర్ల దూరం నుంచి అయో అగ్నిపర్వతాలను దాదాపు కొత్త కెమెరా లాగే తీసింది.

74వ చుట్టుకల్లా నాయిస్ మళ్లీ వచ్చేసింది.