తిరునాళ్ళ స్టేజీపై చిన్న పెట్టె తిప్పలు

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతం:

వీపున గిటారు సంచి, మోటారు సైకిలు ట్యాంకు మీద ఒక చిన్న పెట్టె. తిరునాళ్ళకో, పెళ్ళి రిసెప్షనుకో, క్రిస్మస్ కార్యక్రమానికో పాటలకు వెళ్ళే కుర్రవాళ్ళు ఈ ప్రాంతంలో బయలుదేరే తీరు ఇదే. ఆ పెట్టె నూనె డబ్బా కంటే పెద్దదేమీ కాదు. గిటారు నేర్చుకునే రోజుల్లో ఇంట్లో వాయించుకోవడానికి కొనుక్కున్న ప్రాక్టీసు యాంప్లిఫయర్ అది. శక్తి పది వాట్లో, పదిహేను వాట్లో. ఇంట్లో వాయిస్తే పక్కింటివాళ్ళు తలుపు తడతారు. అదే పెట్టె స్టేజీ ఎక్కితే మూడో వరుసలో కూర్చున్న మనిషికి అసలు గిటారు ఉన్నట్టే తెలియదు.

డ్రమ్ములు మొదలవుతాయి. గిటారు మునిగిపోతుంది. కుర్రవాడు వెనక్కి తిరిగి పెట్టె మరను చివరిదాకా తిప్పుతాడు. అప్పుడు వచ్చేది గిటారు శబ్దం కాదు, చిరిగిన తప్పెట మోత. పాడే అమ్మాయి విసుగ్గా చూస్తుంది. మిక్సరు దగ్గర కూర్చున్న మైకు సెట్టు ఆయన "అబ్బాయా, ఆ డబ్బా తగ్గించు" అని కేకేస్తాడు. "అన్నా, నాకే వినపడటంలా" అని స్టేజీ మీద నుంచి కుర్రవాడు. పాట పూర్తయ్యేసరికి కార్యక్రమం పెట్టించినవారు ఒక నిర్ణయానికి వచ్చేసి ఉంటారు. కీబోర్డు ఒక్కటి ఉంటే చాలు, మళ్ళీ గిటారుకు వేరే డబ్బులు దేనికి అని. మరుసటి ఏడు పిలుపు రాదు. పలకల పనికో, దుకాణంలో లెక్కలు రాసే పనికో పోతూ, మిగిలిన వేళల్లో పాటలకు వెళ్ళి నాలుగు రూపాయలు తెచ్చుకునే కుర్రవాడికి ఇది చిన్న నష్టమేమీ కాదు.

పోయిన పిలుపుకు కారణం పెట్టె చిన్నదవడమేనని కుర్రవాడు అనుకుంటాడు. అప్పు చేసి పెద్దది కొనాలని చూస్తాడు. ఇక్కడే పొరపాటు జరుగుతోంది.

శబ్దం లెక్క డబ్బు లెక్క లాంటిది కాదు. పది వాట్ల పెట్టె తీసేసి వంద వాట్లది పెడితే పది రెట్లు వినబడదు. డెసిబెల్స్‌లో పెరిగేది పదే. మనిషి చెవికి అది సుమారు రెట్టింపుగా తోస్తుంది, అంతే. దూరం సంగతి ఇంకా కఠినం. నాలుగు గోడలు లేని ఆరుబయట, పెట్టెకు మనిషికి మధ్య దూరం రెట్టింపు అయినప్పుడల్లా ఆరు డెసిబెల్స్ పోతాయి. పెట్టెకు ఒక మీటరు దూరంలో 95 డెసిబెల్స్ ఉన్న శబ్దం 32 మీటర్ల దూరంలో, అంటే సుమారు వంద అడుగుల దగ్గర, 65కు దిగుతుంది. ఎదురుగా నిలబడిన మనిషి మామూలుగా మాట్లాడే మాటకు అది కాస్త ఎక్కువ. తిరునాళ్ళ జనంలో, రంగులరాట్నం హోరులో, పీక బూరలు ఊదే పిల్లల నడుమ ఆ 65 ఏ మూలకు వస్తుంది?

పెద్ద పెట్టెలున్నవాళ్ళు కూడా ఈ కష్టం పడ్డారు. 1965 ఆగస్టు 15న న్యూయార్కులోని షే స్టేడియంలో బీటిల్స్ బృందం 55 వేల మందికి పైగా జనం ముందు వాయించింది. వారి వెనుక ఉన్నవి వంద వాట్ల వాక్స్ యాంప్లిఫయర్లు. జనం కేకల ముందు అవి చాలలేదు. తాము వాయిస్తున్నది తమకే సరిగా వినబడని పరిస్థితి వచ్చింది. అదే చిన్న పెట్టె సంగతి చూడండి. ఎరిక్ క్లాప్టన్ 1970 నాటి 'లేలా' ఆల్బం రికార్డింగులో ఫెండర్ కంపెనీ చాంప్ అనే పెట్టెను వాడాడు. దాని శక్తి అయిదు వాట్లు మాత్రమే. దాని ముందు మైకు ఉంది గనుక ప్రపంచమంతా విన్నది.

ఇంత దూరం పోనక్కరలేదు కూడా. మన పద్యనాటకం చూసినవారికి ఈ కిటుకు తెలిసే ఉండాలి. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉండేవి. ఇటు గుంటూరు, అటు రాయలసీమ, రెండు వైపుల పద్యం పిచ్చీ ఇక్కడివారికి అబ్బింది. రాత్రంతా 'హరిశ్చంద్ర' చూసి తెల్లారి పొలానికి పోయినవారు ఇంకా ఊళ్ళలో ఉన్నారు. స్టేజీ పక్కన కూర్చునే హార్మోనిస్టు వాయించే పెట్టె ఎంతది? దాని శబ్దం ఎంత దూరం పోతుంది? మైకులు వచ్చాక హార్మోనియం వినబడటంలేదని ఇంకా పెద్ద హార్మోనియం ఎవరూ చేయించలేదు. దాని ముందు ఒక మైకు పెట్టారు. చివరి వరుసలో చాప మీద పడుకున్న ముసలాయనకు కూడా శ్రుతి అందింది.

గిటారు పెట్టెకూ అదే మందు. జనానికి వినిపించే పని మైకు సెట్టుది. చిన్న పెట్టె పని రెండే: గిటారుకు తగిన గొంతు ఇవ్వడం, వాయించేవాడి చెవికి అందడం. ఈ ఒక్క సంగతి మనసుకెక్కితే సగం గొడవ తీరిపోతుంది.

పెట్టెను నేల మీద పెట్టడం మన కుర్రవాళ్ళందరికీ ఉన్న అలవాటు. నేల మీద పెడితే శబ్దం మోకాళ్ళకు తగిలి పోతుంది, మోకాళ్ళకు చెవులు లేవు. కుర్చీ మీద పెట్టి, ముందు వైపు అడుగున ఒక చెక్కముక్క దోపి, మొహం పైకి వాలేట్టు చేస్తే మర సగం తిప్పకుండానే వాయించేవాడికి చక్కగా వినబడుతుంది. మర తగ్గితే చిరుగు మోత తగ్గుతుంది, పాడేవారి మైకులోకి గిటారు దూరడమూ తగ్గుతుంది. ఇక మైకు. మైకు సెట్ల దగ్గర మామూలుగా ఉండే డైనమిక్ మైకు చాలు, ఖరీదైనదేమీ అక్కరలేదు. పెట్టె జాలీకి అంగుళం దూరంలో, స్పీకరు నడిబొడ్డుకు కాకుండా కాస్త పక్కకు పెట్టాలి. నడిమధ్యకు పెడితే గొంతు గరగర మంటుంది, మరీ అంచుకు జరిపితే ముద్దగా ఉంటుంది. రెండు వేళ్ళ మేర అటూ ఇటూ జరిపి చూస్తే మంచి చోటు దొరుకుతుంది. స్టాండు లేకపోతే మైకు తీగను పెట్టె పైనుంచి వేలాడదీయడమూ ఉంది, కానీ మైకు మొహం నేలవైపు పోతుంది. స్టాండు అడిగి తెచ్చుకోవడమే మేలు.

కొన్ని పెట్టెలకు లైన్ అవుట్ రంధ్రం ఉంటుంది. దాని నుంచి తీగ నేరుగా మిక్సరుకు ఇవ్వవచ్చు. అది లేనివాటికి చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోను రంధ్రమైనా ఉంటుంది. తగిన తీగ ఉంటే దానితోనూ పని జరుగుతుంది. అయితే చాలా పెట్టెల్లో హెడ్‌ఫోను తీగ గుచ్చగానే స్పీకరు మూగబోతుంది, అప్పుడు వాయించేవాడు మైకు సెట్టు ఆయన దయ మీద ఆధారపడవలసిందే. మర పూర్తిగా తగ్గించి, తీగ పెట్టి, ఆ తర్వాతే మెల్లగా పెంచాలి. వేరే స్పీకరు బాక్సుకు పోయే రంధ్రం కొన్ని పెట్టెలకు ఉంటుంది. దాని నుంచి మాత్రం మిక్సరుకు తీగ ఇవ్వరాదు. మిక్సరు కాలిపోయే ప్రమాదం ఉంది, దాని ఖరీదు కట్టేది గిటారు కుర్రవాడే.

అసలు మైకు సెట్టే లేని చోట్లా ఉన్నాయి. ఇంట్లో ప్రార్థన, బడి గదిలో వీడ్కోలు సభ, ముప్పై నలభై మంది కూర్చునే చిన్న హాలు. డ్రమ్ములు లేకపోతే అక్కడ పది వాట్ల పెట్టె ఒక్కటే చాలు. కరెంటు పోయినా ఆగకుండా బ్యాటరీలతో నడిచేవి కూడా ఉన్నాయి. రోలాండ్ కంపెనీ మైక్రో క్యూబ్ జీఎక్స్ మూడు వాట్లది, పెన్సిలు బ్యాటరీలు ఆరు వేస్తే పనిచేస్తుంది. కంభం, మార్కాపురం వంటి చోట్ల ఉన్న పాత మిషన్ కాలపు చర్చీల సంగతి వేరు. ఎత్తు కప్పు, గట్టి గోడలు. శబ్దం గోడకు కొట్టుకుని తిరిగి వస్తుంది. అక్కడ తక్కువ వాయించినవాడే స్పష్టంగా వినబడతాడు.

గిటారు పెట్టెకు కీబోర్డు తగిలించడం, పాడే మైకు కూడా అందులోనే గుచ్చడం మరో తప్పు. దాని స్పీకరును గిటారు గొంతుకు తగ్గట్టు చేస్తారు. బాగా సన్నని ధ్వనులు అందులో పలకవు, అందుకే పాట డబ్బాలో తల పెట్టి పాడినట్టుంటుంది. కీబోర్డులోని లావు స్వరాలు గట్టిగా కొడితే చిన్న స్పీకరు కాగితం చిరిగిపోతుంది కూడా.

రాత్రి ఎంతసేపు వాయించవచ్చన్న దానికి చట్టం ఉంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్ స్పీకరు వాడరాదు. పండుగలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా రాష్ట్ర ప్రభుత్వం వెసులుబాటు ఇవ్వవచ్చు. బహిరంగ స్థలం సరిహద్దు దగ్గర శబ్దం 75 డెసిబెల్స్ మించకూడదన్నది కూడా అందులో ఉంది. తెల్లవార్లూ ఆడే నాటకానికి ఈ నిబంధన మింగుడుపడలేదు గానీ, పరీక్షలకు చదివే పిల్లలున్న ఇళ్ళవారు మాత్రం హాయిగా నిద్రపోతున్నారు.

అన్నిటికంటే భయపడవలసింది కరెంటుకు. గిటారు తంతులు ఇనుము. అవి పెట్టె లోపలి ఎర్తుతో కలిసి ఉంటాయి. పాడే మైకు జాలీ కూడా ఇనుమే, అది మైకు సెట్టు ఎర్తుతో కలిసి ఉంటుంది. రెండిట్లో ఒకదానికి ఎర్తు సరిగా లేక, లోపల తీగ తగులుకుంటే, తంతుల మీద చేయి, మైకుకు పెదవి ఉన్న మనిషి గుండా కరెంటు పోతుంది. ఇది ఊహ కాదు. 1972 మే 3న బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వే ఎర్తు లేని మైకును పట్టుకుని స్టేజీ మీదే మరణించాడు. మన దగ్గర పెట్టెలో గుయ్ మని మోత వస్తోందని ప్లగ్గుకున్న మూడో పిన్నును విరిచేసేవారున్నారు. మోత పోతుంది, దానితోపాటు ప్రాణానికి ఉన్న కాపలా కూడా పోతుంది.

పెట్టె, మైకు సెట్టు రెండూ ఒకే బోర్డు నుంచి, ఒకే ఎర్తుతో కరెంటు తీసుకోవాలి. జనరేటరు ఉన్నచోట దానికీ ఎర్తు ఉండాలి. పాడబోయే ముందు టెస్టరు పెట్టి మైకు జాలీని, గిటారు తంతులను ఒకసారి ముట్టి చూడటానికి అరనిమిషం పట్టదు, టెస్టరు వెలిగితే పాట ఆపవలసిందే. బోర్డుకు 30 మిల్లీ యాంపియర్ల ట్రిప్పు స్విచ్చి పెట్టుకున్న మైకు సెట్టు దొరికితే అదృష్టమే.

మార్కాపురం, గిద్దలూరు వైపు ఎండాకాలం నేల సంగతి చెప్పనక్కరలేదు. బొగ్గు, ఉప్పు వేసి పాతిన ఎర్తు గుంట కూడా మార్చి దాటితే ఎండిపోతుంది, ఎండిన మట్టి కరెంటును లాక్కోదు. తిరునాళ్ళు ఎక్కువగా జరిగేదీ ఆ రోజుల్లోనే. సాయంత్రం స్టేజీ కట్టేటప్పుడు ఆ గుంటలో రెండు బిందెల నీళ్ళు పోయడం మైకు సెట్టు కుర్రవాడి పని. శ్రుతి చూసుకునే ముందు గిటారు కుర్రవాడు కూడా వెళ్ళి మట్టి తడిసి ఉందో లేదో చూసి రావడం మంచిది.