పేస్లిప్పు చదవడం కూడా చదువే

కార్మిక హక్కుల పాఠం అనగానే మన బళ్లలో మే డే, చికాగో అని మొదలుపెడతారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఖరగ్‌పూర్‌లో చదివే తెలుగు పిల్లలకు అంతదూరం పోనక్కర్లేదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి ఖలాసీలుగా, ఫిట్టర్లుగా వచ్చిన వాళ్ల ముత్తాతలు పనిచేసిన రైల్వే వర్క్‌షాప్ వాళ్ల ఊళ్లోనే ఉంది.

ఆ వర్క్‌షాప్‌కు 1927 మరిచిపోలేని ఏడాది. అప్పుడది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కింద ఉండేది. ఫిబ్రవరిలో మొదలైన సమ్మె మార్చి దాకా సాగింది. సెప్టెంబరులో యాజమాన్యం వేయిమందికి పైగా కార్మికులను తీసేస్తామంది. గొడవ ముదిరి లాకౌట్ ప్రకటించారు. డిసెంబరు దాకా గేట్లు తెరుచుకోలేదు. కార్మికులు పని మానేస్తే సమ్మె, యజమాని గేటు మూసేస్తే లాకౌట్. ఈ రెండింటికీ ఉన్న తేడా ఆ ఒక్క ఏడాదితోనే పిల్లలకు బోధపడుతుంది.

నాటి యూనియన్ నాయకుడు వి.వి. గిరి బరంపురంలో పుట్టిన తెలుగువాడు. తర్వాత కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగులకు అనుకూలంగా వచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చిందని 1954లో ఆ పదవి వదిలేశారు. 1974 మేలో దేశమంతా రైల్వే సమ్మె జరిగి వేలమంది అరెస్టయినప్పుడు రాష్ట్రపతిగా ఉన్నదీ ఆయనే. ఒకనాటి రైల్వే యూనియన్ నాయకుడు రాష్ట్రపతిగా ఉండగా కూడా అలా ఎందుకు జరిగింది? రాష్ట్రపతి అధికారానికి హద్దులేమిటి? సివిక్స్ క్లాసులో పిల్లల చేత చర్చింపజేయాల్సిన ప్రశ్నలివి. నాటి ప్రభుత్వం ఏమంది, కార్మికులు ఏమన్నారు అన్నవి రెండూ ముందు పెట్టి, తేల్చుకోవడం పిల్లలకే వదిలేయాలి.

చరిత్ర తర్వాత చట్టం. సంఘం పెట్టుకునే స్వేచ్ఛ రాజ్యాంగం 19వ అధికరణలో ఉంది. 14 ఏళ్లలోపు పిల్లలను ఫ్యాక్టరీల్లో, గనుల్లో పెట్టుకోకూడదని 24వ అధికరణ చెబుతుంది. ఫ్యాక్టరీలో వారానికి 48 గంటలకు మించి పని చేయిస్తే ఆ అదనపు గంటలకు రెట్టింపు కూలి ఇవ్వాలి. ఈ చివరిది లెక్కల క్లాసులోనూ చెప్పొచ్చు. గంటకు 60 రూపాయలు వచ్చే మనిషి రెండు గంటలు ఓటీ (ఓవర్‌టైమ్) చేస్తే ఎంత రావాలి? 240. చేతికి 120 వస్తే? తక్కిన 120 అడిగి తీసుకోవలసిన సొమ్మని పిల్లలకు తెలియాలి.

పాఠం ఇక్కడితో ఆగితే సగమే చెప్పినట్టు. నేడు తాతది పర్మినెంట్ నౌకరీ, మనవడిది కాంట్రాక్టు పని అయిన ఇళ్లున్నాయి. యూనియన్ అండ, క్వార్టరు, పెన్షను చూసిన తాత అనుభవం మనవడికి అక్కరకు రాదు. అతను చూసుకోవాల్సిన కాగితాలు వేరు. కాబట్టి పేర్లు, అంకెలు మార్చిన ఒక పేస్లిప్పును బోర్డు మీద వేసి వరస వారీగా చదివించాలి. బేసిక్ ఎంత? పీఎఫ్ కింద కోసింది ఎంత? యజమాని తన వాటా కట్టాడా? కోత పడగానే సొమ్ము జమైనట్టు కాదు. యూఏఎన్ అనే 12 అంకెల పీఎఫ్ నంబరుతో పాస్‌బుక్ తెరిస్తే ఏ నెల జమైందో, ఏ నెల కాలేదో కనిపిస్తుంది. ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) కోత ఉంటే ఆ కార్డుతో ఇంటిల్లిపాదికీ వైద్యం అందుతుందని చెప్పాలి. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే, పని చేయించుకున్న అసలు సంస్థ చెల్లించాలని చట్టం ఉంది. ఈ ఒక్క ముక్క తెలియకే చాలామంది కాంట్రాక్టరు ఇంటి చుట్టూ తిరిగి తిరిగి, చివరికి రావాల్సిన డబ్బు వదిలేసుకుంటారు.

పిల్లలకు ఇవన్నీ నేర్పితే గొడవలు నేర్పినట్టేనని కొందరు భయపడతారు. కానీ తనకు రావాల్సింది తెలియని మనిషే మోసపోతాడు, లేదా కోపం పట్టలేక తిరగబడతాడు. తెలిసిన మనిషి కాగితం పట్టుకుని కార్మిక శాఖ ఆఫీసు మెట్లెక్కుతాడు. తొమ్మిది, పది తరగతుల్లోనే ఈ పాఠం చెప్పాలి. ఆ తర్వాత చదువు ఆపేసి పనికి వెళ్లే పిల్లలకే దీని అవసరం అందరికన్నా ఎక్కువ.